మారుపలుకులమ్మ చేతికి గంటం వచ్చిన వైనం

భక్తులారా, రండి రండి! గొర్లపెంట కొండ మెట్లెక్కిన కాళ్ల నొప్పి ఇప్పుడే మరిచిపోతారు. ఈ గుడిలో నిశ్శబ్దం పాటించమనే బోర్డు ఎక్కడా కనిపించదు. పైగా నోరు మెదపకుండా దండం పెట్టుకునేవారిని చూస్తే పూజారిగారే "ఏం తల్లీ, అమ్మ మీద అలిగావా?" అని ఆటపట్టిస్తారు. గర్భగుడిలో కొలువైన మారుపలుకులమ్మను తేరిపార చూడండి. పాటగత్తెలు రాగం ఎత్తుకునేటప్పుడు పెట్టుకున్నట్టు ఎడమచేయి చెవి దగ్గర ఉంటుంది. కుడిచేతి పిడికిట్లో తాటాకుల మీద రాసే ఇనుప గంటం ఉంటుంది. పాడే చేయీ, రాసే చేయీ ఒకే తల్లికి ఎలా వచ్చాయని అందరూ అడుగుతారు. అడగాల్సిందే! ఆ కథ వినకుండా కొండ దిగితే ఎక్కిన ఫలం సగమేనని మా పెద్దల మాట.

పూర్వం ఇక్కడ గొర్రెల కాపరులే ఉండేవారు. వారికి అక్షరం ముక్క రాదు గానీ, వారి దగ్గర ఒక పాట ఉండేది. ఎంతటి కరువులోనూ ఎండని దొన ఒకటి, అంటే బండల నడుమ ఊరే నీటిమడుగు, ఈ కొండ లోపల ఉందనీ, దాని దారి ఆ పాటలోనే ఉందనీ వారి నమ్మకం. వానలు చల్లగా కురిసినన్నాళ్లూ ఆ దారి పట్టే అవసరం ఎవరికీ రాలేదు. పాటను మాత్రం ఏటా కొండమ్మ జాతరలో పాడేవారు. తరానికి ఒక్క ఆడబిడ్డే ఆ పాటకు వారసురాలు. ఆ రోజుల్లో అది గంగులక్క నోట ఉండేది. ఆమె గొంతెత్తిందంటే మేసే గొర్రె కూడా తల ఎత్తి చూసేదట!

ఒక జాతరకు పాలెగాడి కొలువు నుంచి రాయసం నరహరయ్య వచ్చాడు. తాటాకుల మీద రాయడమే ఆయన ఉద్యోగం. పాట వినగానే ఆయన ఒళ్లు పులకరించింది. రాసుకుంటానని అడిగాడు. గంగులక్క ఒంటికాలి మీద లేచింది.

"పాటకు ఆకుల్లో ఏం పని సామీ? ఆకునైతే చెదలు తింటాయి. నా నోటిని తింటాయా?"

"నోటికీ ముసలితనం వస్తుంది కదక్కా," అన్నాడు నరహరయ్య మెల్లగా.

"వస్తే రానీ! నా పాట పిలిస్తే పలుకుతుంది. నీ ఆకు పలుకుతుందా?"

ఇంటికొచ్చిన అతిథిని నొప్పించకూడదని పెద్దలు నచ్చజెప్పగా, మూతి ముడుచుకునే పాడింది. ప్రతి చరణం చివరా చెవి మీద చేయి పెట్టి "హో..." అని కూత వేయడం ఆమెకు అలవాటు. ఆమె అమ్మా అలాగే వేసేది, అవ్వా అలాగే వేసేది. ఎందుకని ఎవరూ అడగలేదు. నరహరయ్య కూడా అడగలేదు. కూత రాగానే గంటం పక్కన పెట్టి, మజ్జిగ తాగి, మళ్లీ చరణం అందుకునేవాడు.

అంతే! ఆ తర్వాత గంగులక్కకు విషజ్వరం తగిలింది. బతికి బయటపడింది గానీ నోరు తెరిస్తే పాట లేదు. చరణాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కూత ఒక్కటే మిగిలింది. "దొంగ సచ్చినోడు! నా పాటను ఆకుల్లోకి గుంజుకపోయినాడు!" అని గుండెలు బాదుకుంది. కాపరులూ నిజమేనని నమ్మారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆ వెంటనే కరువు వచ్చిపడింది. చెలమలు ఎండాయి. గొర్రెలు నాలుకలు వెళ్లబెట్టి దారుల్లోనే కూలిపోసాగాయి. దొన దొరకకపోతే కొండమ్మను దిక్కులేనిదాన్ని చేసి, మందలను తోలుకుని దేశాలు పట్టాల్సిందేనని కులపెద్ద ఓబన్న తేల్చేశాడు. నోటిలో ఉండాల్సిన దారిని పోగొట్టుకున్నది తానేనని గంగులక్క ఎవరికీ ముఖం చూపించలేకపోయింది.

కబురందగానే నరహరయ్య తాటాకులు పట్టుకుని పరుగున వచ్చాడు. ఆయన చదువుతుండగా పడుచువాళ్లు కడవలతో కొండ ఎక్కారు. వట్టి కడవలతోనే దిగారు. "రాసినదాంట్లో పొల్లు పోలేదే!" అని నరహరయ్య తల పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం గంగులక్క బండనీడన ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. కలలో గొంగడి కప్పుకున్న ఒక ముసలమ్మ ప్రత్యక్షమై ఇలా ఆనతిచ్చింది. "ఎందుకే ఏడుస్తావు పిచ్చిదానా? నీ పాటను ఎవరూ దొంగిలించలేదు. సగం ఆయన చేతిలో దాచాను, సగం నీ గొంతులో ఉంచాను. ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి."

గంగులక్క ఉలిక్కిపడి లేచింది. తిట్టిన నోటితోనే పిలవాలంటే సిగ్గేసింది. అయినా దాహంతో అరుస్తున్న గొర్రెల ముందు సిగ్గెంత? నేరుగా వెళ్లి, "లే సామీ! నువ్వు చదువు, నేను నడుస్తా," అంది.

ఇద్దరూ కొండ ఎక్కారు. ఊరంతా, మందలతో సహా వెనకే. నల్లబండ దగ్గర నరహరయ్య తొలి చరణం చదివాడు.

"నల్లబండ వెంట నడువు తమ్ముడా
కొండమ్మ పలికినచోట తిరుగు తమ్ముడా!"

చరణం చెవిన పడగానే అలవాటు చొప్పున గంగులక్క చేయి చెవి మీదికి వెళ్లింది. "హో..." అని పిలిచింది. ఏ పలుకూ లేదు. నడుస్తూ మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది. అప్పుడు, ఆహా, ఎడమవైపు బండల సందులోంచి కొండ "హో..." అని పలికింది!

నరహరయ్య చేతిలోని ఆకును మళ్లీ చూసుకున్నాడు. "అక్కా! పలికినచోట తిరగమంటే అమ్మను పొగిడే మాట అనుకున్నాను. నిజంగా పలికినచోటే!"

"నేను మాత్రం ఏం తెలిసి పిలిచినాను సామీ? మా అమ్మ పిలిచింది, నేనూ పిలిచినా," అని గంగులక్క కళ్లనీళ్లతోనే నవ్వింది.

ఇక చూడాలి ఆ సంబరం! ఆయన చదవడం, ఆమె పిలవడం, కొండ పలికినచోటల్లా ఊరంతా మలుపు తిరగడం. చివరి మలుపులో పొదలు తొలగించగానే నల్లని నీళ్లతో నిండుగా దొన కనిపించింది. గొర్రెలు మనుషులను తోసుకుంటూ దూకాయి. అవి రేపిన బురదలోంచి ఒక శిలావిగ్రహం బయటపడింది. ఒక చేయి చెవి దగ్గర ఉంది. రెండో చేతి పిడికిలి ఖాళీగా ఉంది. నరహరయ్య మొలలోని గంటం తీసి ఆ పిడికిట్లో పెట్టగా, అమ్మ అడిగి పుచ్చుకున్నట్టు అమరిపోయింది.

తర్వాత ఆయన పాటను కొత్త ఆకుల మీద మళ్లీ రాశాడు. ఈసారి కూతను కూడా రాశాడు. దాని పక్కన మాత్రం ఖాళీ వదిలేశాడు.

"అక్కడెందుకు వదిలేసినావు?" అని అడిగింది గంగులక్క.

"అది కొండ మాట అక్కా. రాయడం నా వల్ల కాదు."

మరుసటి జాతరకు నరహరయ్య భార్య కనకాంబ వచ్చింది. గంగులక్క పాటను ఆమె ఏనాడూ వినలేదు. ఆ ఆకులు చూసి గొంతెత్తి చదువుతుంటే గంగులక్క చెవులప్పగించి నిలబడిపోయింది. "నేను నేర్పని నోట నా పాట!" అని ఆమెను కావలించుకుని బోరుమంది. తన నోటితోనే పాట పోతుందని లోలోపల భయపడుతూ వచ్చిన మనిషి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయిందట.

నేటికీ ఇక్కడ అదే ఆచారం. చదువు వచ్చిన ఒకరు, రాని ఒకరు జంటగా అమ్మ ముందు నిలబడతారు. వచ్చినవారు చరణం చదవాలి, రానివారు కూత వేయాలి. ఆపైన రానివారు తమ ఇంటి పాటో, నాటుమందో, సామెతో ఒకటి చెబితే, వచ్చినవారు దాన్ని రాసి అమ్మ పాదాల దగ్గర పెట్టాలి. బిడ్డలకు ఇక్కడ అక్షరాభ్యాసం చేయిస్తే నేర్చిన చదువు, విన్న మాట రెండూ నిలుస్తాయని భక్తుల విశ్వాసం.

పాట ప్రతి ఈ పుస్తకం వెనక పేజీలో అచ్చువేశాము. ప్రతి చరణం కింద కూత, దాని పక్కన ఖాళీ ఉంటాయి. అచ్చుతప్పని అనుకోకండి. అక్కడ ఆగి, చెవి మీద చేయి పెట్టుకుని, గట్టిగా పిలవండి. అమ్మ పలుకుతుంది.