రాజావారి బండికి వెనకడుగు లేదు

చింతలగిరి రాజావారికి ఆ పూట పందెం కాయాలనిపించింది. ఆయనకు ఏదైనా అనిపించిందంటే చాలు, దివాణమంతా గుండెలు చిక్కబట్టుకుని కూర్చోవాల్సిందే.

పొరుగు సంస్థానం మొగలిగుంట రాజావారు విందుకొచ్చారు. భోజనాలయ్యాయి, తాంబూలాలయ్యాయి, మాటలు మోటారు కారు మీదికి మళ్ళాయి. అందరి కార్లలా మా కారును ముందు చువ్వ పెట్టి తిప్పక్కర్లేదు, కాలితో మీట నొక్కితే దానంతటదే లేస్తుందని మనవారు కోశారు. కోతలు చాలించమని ఆయన నవ్వారు. ఇంకేముంది, మనవారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"పొద్దు వాలేలోగా మీట నొక్కి లేపకపోతే మా పట్టపుటేనుగు మీది" అనేశారు.

ఆ మాట చెవిన పడేసరికి విస్సన్న పంతులు చేతిలో తమలపాకు జారిపోయింది. విస్సన్న ఆ కొలువులో మాటకారి. రాజావారికి కోపమొస్తే నవ్వించడం, నవ్వు ఎక్కువైతే ఆపించడం ఆయన ఉద్యోగం. కొలువునిండా మనుషులున్నా ఆయనకు నేస్తమంటూ ఉన్నది ఆ ఏనుగే. పేరు గుమ్మటం. పొద్దున్నే దానికి బెల్లమచ్చు తినిపిస్తే గానీ తాను మంచినీళ్ళు ముట్టడు. అలాంటి గుమ్మటం ఓ మీట పాలబడిందంటే పాపం ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

కారును వాకిట్లో నిలబెట్టారు. దాని ముక్కుకు ఎదురుగా గుమ్మటాన్ని ముస్తాబు చేసి నిలబెట్టారు. రాజావారు మీసం దువ్వుకుంటూ వెనక సీట్లో ఆసీనులయ్యారు. మోటారు సూపర్నెంటు వరదరాజులు నాయుడు చక్రం ముందు కూర్చున్నాడు. ఆర్నెల్లు మద్రాసులో ఉండొచ్చిన మనిషి, వచ్చిననాటి నుంచీ టోపీ దించింది లేదు. గుమ్మటం ఓసారి ఆయన మొదటి టోపీని తలమీంచి లాక్కుని గడ్డితో కలిపి నమిలేసింది గనక దానిమీద ఆయనకు పీకలదాకా కోపముంది. అది పోతే ఏనుగుశాల తన కారుకు దక్కుతుందని ఆశ కూడానూ.

నాయుడు మీట నొక్కాడు. లోపల టక్కుమంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆ టక్కు కూడా లేదు.

విస్సన్న మెల్లిగా పక్కకు చేరి సంగతేమిటని అడిగాడు. నాయుడు బడిపంతులు ఫక్కీలో చెప్పుకొచ్చాడు. మీట నొక్కితే చిన్న పళ్ళచక్రం ఒకటి మరచుట్లున్న కడ్డీ మీద పరిగెత్తుకెళ్ళి ఇంజను పెద్ద చక్రాన్ని పళ్ళతో పట్టి తిప్పుతుందట. ఇంజను లేవగానే వదిలేసి తన చోటికి తాను వచ్చెయ్యాలట. ఇవాళ రెంటి పళ్ళూ కరుచుకుని బిగుసుకుపోయాయి. చువ్వ పెట్టినా కదలదు.

మందు లేదా అంటే ఉంది. పెద్ద గేరు వేసి కారును జానెడు వెనక్కి నెడితే చాలు, పట్టు ఊడిపోతుంది. ఆ "వెనక్కి" దగ్గర నాయుడు నవ్వాపుకోలేకపోయాడు.

ఎందుకంటే చింతలగిరి వంశానికో ఆచారముంది. రాజు ఎక్కిన వాహనం వెనకడుగు వేయకూడదు. ముత్తాతగారి గుర్రం శత్రువును చూసి వెనక్కి తగ్గి, ఆయన్ని బురదలో దొర్లించిందట. అది మొదలు పల్లకీ అయినా పడవ అయినా ముందుకే. కారు మలపాలంటే ఊరంతా చుట్టి రావలసిందే. పోనీ దిగుదామా అంటే, ఎక్కిన బండి కదలకుండా దిగడం అంతకన్నా అరిష్టం.

పందెం ఇచ్చేస్తే ఆడినమాట తప్పని కీర్తయినా దక్కుతుందని నాయుడు వినయంగా మనవి చేశాడు. అప్పటికే మొగలిగుంట వారు గుమ్మటం దంతాలు నిమురుతున్నారు. పొద్దు కోటగోడ మీదికి వాలింది. రాజావారి మొహం వాడిపోయింది.

విస్సన్న కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న సందేహం. మన సంస్థానంలో ముందు అంటే ఎటువైపు?"

"మేము చూస్తున్న వైపు. ఇన్నేళ్ళ కొలువులో ఆ మాత్రం తెలియలేదా?" అని రాజావారు విసుక్కున్నారు.

"తెలుసు ప్రభూ. అయితే ఒక్కసారి అటు తిరిగి కూర్చోండి" అని కారు తోక వైపు చూపించాడు.

రాజావారు తెల్లబోయి చూశారు. నాయుడు పకపకా నవ్వాడు. ప్రభువులు ఎటు తిరిగితే ఏం, కారు పోయేది వెనక్కేగా అన్నాడు.

విస్సన్న ఆయన వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ముందంటే ప్రభువులు చూసే వైపా నాయుడుగారూ, లేక మీ కారు చూసే వైపా? కాస్త ఆలోచించి చెప్పండి, ప్రభువులు వింటున్నారు."

రాజావారికి విషయం బోధపడి కళ్ళు మెరిశాయి. చటుక్కున సీటు మీద మోకాళ్ళేసి, వెనక్కి తిరిగి, మడిచిన టాపు మీద గడ్డం ఆనించి సింహంలా చూశారు. నాయుడు చచ్చినట్టు పెద్ద గేరు వేశాడు.

నెట్టేదెవరు? ఏలినవారి బండిని వెనక్కి నెట్టి, రేపు కొరడా దెబ్బలు తినడానికి భటులెవరికీ చేతులు రాలేదు. విస్సన్న గుమ్మటం దగ్గరకెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. దానికి అర్థమైందో, ఇంతసేపూ ఎండలో నిలబెట్టారన్న కసే తీర్చుకుందో గానీ, నుదురు ఆనించి ఒక్క నెట్టు నెట్టింది. జానెడు కాదు, బారెడు కదిలింది కారు.

"ముందుకు, ముందుకు" అని వెనక్కి పోతూ కేకేశారు రాజావారు.

కింద ఠంగుమని పట్టు ఊడింది. నాయుడు గేరు తీసి మీట నొక్కాడు. ఇంజను బుర్రుమని లేచింది. వాకిలంతా ఈలలు, చప్పట్లు. మొగలిగుంట వారు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, ఏనుగు మీద ఆశ వదులుకున్నారు. తమ మెడలో ముత్యాలహారం తీసి విస్సన్న మెడలో వేశారు.

రాజావారు కళ్ళు తుడుచుకుంటూ, మా వంతుగా కూడా ఏదైనా కోరుకోమన్నారు.

విస్సన్న కోరిక సిద్ధంగానే ఉంది.

"రోజూ గుమ్మటానికి చెరకు ఈ కారులోనే రావాలి ప్రభూ. తోలుకొచ్చేది నాయుడుగారే అయ్యుండాలి."

రాజావారు సరేనన్నారు. నాయుడు రెండు చేతులతో టోపీని గట్టిగా పట్టుకున్నాడు.