దారం చుట్టిన ఉంగరం

పూర్వం ఒక రాజ్యంలో రాజు హఠాత్తుగా పోతే, ఎనిమిదేళ్ల కొడుక్కి పట్టం కట్టారు. రాజముద్ర ఉంగరం జారిపోకుండా దారం చుట్టి ఆ చిట్టి వేలికి తొడిగారు. ఆ రోజే ఆ ముద్ర వేయించుకుని విరూపాక్షయ్య మంత్రి అయ్యాడు. పెత్తనమంతా ఆయనదే.

ఒకసారి మంత్రి ఇంట్లో మర్నాడు విందు ఉంది. మేకలు కాసుకునే పదేళ్ల నూకాలు దగ్గర్నుంచి ఆ విందుకని భటులు సూడి మేకను లాక్కుపోయారు. నూకాలు ఏడవలేదు. అన్యాయం జరిగినవాళ్లెవరైనా కోటగుమ్మంలో గంట కొట్టవచ్చని ఆ రాజ్యంలో కట్టుబాటు. గంట చేతికి అందలేదు. మేకలు తోలే కర్రతోనే కొట్టింది. సభలోకి పిలిచేదాకా కొడుతూనే ఉంది.

మంత్రి కసిరాడు. "ఆ గంట పెద్దవాళ్లకే పిల్లా! చిన్నపిల్లల మాట ఈ సభలో చెల్లదు. ఫో!"

"అలాగే బాబయ్యా. ఆ మాటే రాయించి ముద్ర వేయించండి, పోతాను," అంది నూకాలు, అడుగు కదపకుండా.

పీడ విరగడవుతుందని మంత్రి వెంటనే రాయించాడు. లక్క కరిగించి పోశారు. రాజు ఉంగరం వేలు చాపాడు.

"బాబయ్యా, రాజుగారు నాకంటే చిన్న," అంది నూకాలు. "పిల్లల మాట చెల్లకపోతే ఆయన ముద్ర ఎలా చెల్లుతుంది? మిమ్మల్ని మంత్రిని చేసిందీ ఆ ముద్రే కదా!"

పోసిన లక్క పోసినట్టే గట్టిపడింది.

రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏనాడూ సభలో పెదవి విప్పని ఆ పిల్లవాడు అప్పుడు నోరు తెరిచాడు.

"మంత్రిగారూ, ఈమె మేకను మీరే తోలుకురండి. వచ్చేటప్పుడు ఆ గంటను నాకు అందేంత కిందికి కట్టించండి."