ఎట్లు వ్రాసితివని అడుగని వ్రతము

ఒకానొకప్పుడు కృష్ణాతీరమున మృదుభాషియను ముని సుబోధ మహర్షికి నమస్కరించి, కలియుగమున కాలేజీ పిల్లలు తెల్లవార్లు చదివియు ప్రశ్నపత్రము చేతబట్టగానే అంతయు మరచి గడగడ వణకుచున్నారనియు, వారికి తరుణోపాయమేదియనియు అడిగెను. సుబోధుడు నవ్వి, "వ్రతమున్నది. కాని నోచవలసినవారు పిల్లలు కారు, వినుము" అని చెప్పసాగెను.

చీరాలలో కోటిలింగమను బట్టలకొట్టు యజమాని, రాజ్యలక్ష్మియను ఇల్లాలు కలరు. వారి ఒక్కగానొక్క కూతురు ఉదయశ్రీ ఇంజనీరింగు చదువుచుండెను. ఆమె పరీక్ష వ్రాసి కాలేజీ గేటు దాటకమునుపే తండ్రి, "ఎట్టా రాశావమ్మా? ఎన్నొస్తాయి?" అని అడిగెను. ఇంట తల్లి అడిగెను. పిన్నమ్మ ఫోనుచేసి అడిగెను. పాలు పోయువాడు సైతము అడిగెను, వానికేమి పనియో. ఆ దెబ్బకు మరునాటి లెక్కల పరీక్షలో పిల్ల ఏమియు తోచక తెల్లకాగితమిచ్చి వచ్చెను, పరీక్ష తప్పెను.

మరల పరీక్షలు వచ్చెను. లెక్కలు ఈసారియు తప్పినచో ఏడాది పోవును. ఉదయశ్రీ అన్నము మాని, మంచము పట్టి, పరీక్షకు పోనని చెప్పెను.

అంత సరస్వతీదేవి ముసలి ముత్తయిదువ రూపమున మజ్జిగకై వచ్చి, సంగతి విని, ఫలితములు వచ్చువరకు ఎట్లు వ్రాసితివని ఇంట నెవరును అడుగరాదనియు, నాలుక దురదపెట్టినచో బెల్లముముక్క నోట వేసికొనవలెననియు, ఆకలి సంగతి మాత్రమే అడుగవలెననియు విధానము చెప్పి అంతర్ధానమయ్యెను.

దంపతులు వ్రతము పట్టిరి. పిల్ల లేచి అన్నము తినెను, మొదటి రెండు పరీక్షలు వ్రాసెను. కోటిలింగమునకు ధైర్యము హెచ్చి, లెక్కల పరీక్షకు ముందురోజు గేటువద్ద, "అన్నీ రాశావా?" అని నోరు జారెను. ఆ సాయంత్రమే పిల్ల ముసుగుతన్ని, రేపు పోనని చెప్పెను.

కోటిలింగము మంచముపక్కన చతికిలబడి, "నువ్వు తప్పితే కొట్టుకాడ నలుగురూ ఏమంటారోనని అడిగానమ్మా. ఆ భయం నాది. దాన్ని తెచ్చి నీ నెత్తిన పెట్టాను" అని ఏడ్చెను. పిల్ల ముసుగు తీసి చూచెను. తండ్రి భయపడగా ఆమె ఎన్నడును చూచియుండలేదు. ఆ రాత్రి నిద్రపోయెను, మరునాడు పోయి వ్రాసెను.

గేటువద్ద తండ్రి బెల్లము చప్పరించుచు నిలుచుండెను. ఉదయశ్రీయే దగ్గరకు వచ్చి, "నాన్నా, రెండు లెక్కలు రాలేదు. మిగతావి చేశా" అని అడుగకయే చెప్పెను. అత్తెసరు మార్కులతోనైనను గట్టెక్కెను.

కావున తల్లిదండ్రులు, పిన్నమ్మలు, మేనమామలు, మేడమీది వాటావారు, మావానికి తొంబది వచ్చెనని చెప్పువారు, వీరు మరి తప్పక, ఈ వ్రతమాచరింపవలెను. ఆచరించిన ఇంట పిల్లలు వేళకు తిని, కంటినిండ నిద్రించి, తమ మాట తామే వచ్చి చెప్పుదురు. కథలో పదము తప్పినను దోషము లేదు, నోరు జారరాదు. అక్షతలు తలపై వేసికొని, పిల్లను ఏమియు అడుగక, ముందు అన్నము వడ్డింపుడు.