బండయ్య వేసిన వెడల్పు దారి

మద్దిమాకుల అడవిలో జింకలు, అడవిపందులు, కొండముచ్చులు, అడవిదున్నలు కలిసి బతికేవి. దున్నల మందకు పెద్ద బండయ్య. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఏటికి పోయే దారి ఇరుకు. పొద్దున్నే అందరూ ఒకేసారి బయలుదేరేవాళ్లు. తొక్కిసలాట, దుమ్ము. బండయ్య దూడ చిట్టి ఆ దుమ్ముకు దగ్గి దగ్గి రొప్పుతుంటే తండ్రి ప్రాణం విలవిల్లాడేది.

"దారి వెడల్పు చేస్తే తోపులాట ఉండదు, దుమ్మూ లేవదు" అని బండయ్య పక్కనున్న చెట్లను కొమ్ములతో పడగొట్టసాగాడు.

సూరమ్మ అనే ముసలి కొండముచ్చు ఆపబోయింది. "నాయనా, లోపలి చెట్ల ఆకు కోసి అలాగే తింటాను. ఈ దారి పక్క ఆకునైతే రొమ్ముకు తుడుచుకుంటే గాని తినలేను. అంత దుమ్ము పడుతుంది. ఈ చెట్లు పోతే ఆ దుమ్మెక్కడికి పోతుంది? దానికన్నా వంతులవారీగా ఏటికి పోండి."

"కొమ్మల మీద తిరిగేదానివి, దారుల సంగతి నీకేం తెలుసవ్వా!" అన్నాడు బండయ్య.

వారం రోజులు హాయిగా గడిచింది. అడవంతా బండయ్యను మెచ్చుకుంది. ఈలోగా ఆ మాట కొండ అవతలికి పాకింది. అంతవరకు తమ వాగుల్లో నీళ్లు తాగినవాళ్లు కూడా, పిలవని పేరంటానికి వచ్చినట్టు, మందలు మందలుగా ఆ దారి పట్టారు. లేచిన దుమ్మును ఆపడానికి ఆకు లేదు. ఆ దారి మొహమే చూడని కుందేళ్లు కూడా దూరపు పొదల్లో దగ్గసాగాయి.

ఒక మధ్యాహ్నం చిట్టి నడిదారిలో కూలబడింది. ఊపిరి అందడం లేదు.

"అవ్వా! నా కొమ్ములతో నేనే నా బిడ్డ ఊపిరి తీశానే!" అని బండయ్య బావురుమన్నాడు.

ఆ కేక విని వచ్చిన సూరమ్మ దెప్పలేదు. "ఏడుపు తర్వాత. ముందు బిడ్డను లోపలి చెట్ల కిందికి తీసుకురా" అంది.

అక్కడి చల్లగాలికి సాయంత్రానికి చిట్టి తేరుకుంది.

మర్నాడు బండయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు. "తప్పు నాది. మీ వాగులకు మీరు వెళ్లండి, మీకు దండం పెడతా" అని వచ్చిన ప్రతి మందనూ బతిమాలాడు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. అతను కదల్లేదు. తన అడవివాళ్లకు వంతులు పెట్టాడు. వానలకు దారి పక్కన లేచిన మద్ది మొలకలను ఎవరూ తొక్కకుండా కాపలా కాశాడు.

చిట్టి దగ్గు పోయింది. అన్నాళ్లు దుమ్ములో నిలబడిన బండయ్యకు పట్టిన ఆయాసం మాత్రం పోలేదు.

మూడేళ్ల తర్వాత ఒక పొద్దున సూరమ్మ దారి పక్క చెట్టు నుంచి ఆకు కోసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తుడవకుండానే నోట్లో పెట్టుకుంది.

బండయ్య రొప్పుతూనే నవ్వాడు.

నీతి: ఊపిరిని కాచే చెట్టును కూల్చి వేసిన దారి, ఎంత వెడల్పైనా, సుఖానికి చేర్చదు.