ఏడుగురు తాతల పేర్లు

పిల్లలూ, అమోరీయులనే జాతి గురించి మీరు విని ఉండరు. వేల ఏళ్ల కిందట యూఫ్రటీస్ నది పక్కనున్న బీళ్లలో గొర్రెలు మేపుకుంటూ బతికినవాళ్లు. తర్వాత కొందరు నగరాలు చేరారు, రాజ్యాలు కూడా ఏలారు. వాళ్ల దేవుడు అమూరు. ఆయన గుర్తు కొన వంగిన కాపరికర్ర.

ఆ జాతిలో పుట్టి, ఆ పుట్టుకకే సిగ్గుపడే హబ్దు అనేవాడు నది ఒడ్డున ఒక నగరంలో ఉన్ని తూచే పని చేస్తూ ఉండేవాడు.

"మీవాళ్లు మాంసం పచ్చిగానే తింటారటగా హబ్దూ, ఉడికేదాకా ఆగలేరా?" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. హబ్దు వాళ్లతోపాటే నవ్వేవాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు. తల్లి లేని తన కూతురికి బెల్తాని అని నగరవాసుల పేరు పెట్టుకున్నాడు. మట్టి పలకల మీద రాత నేర్పే బడిలో చేర్చాడు.

హబ్దు తల్లి తబూబు ప్రతి అమావాస్య సాయంత్రం, గోడకు ఆనించిన కాపరికర్ర ముందు నీళ్లు పోసి, ఏడు తరాల తాతలను పేరుపేరునా పిలిచేది. పేరు పిలవకపోతే పోయినవాళ్లకు దాహం తీరదని, అమూరు మందలోంచి తప్పిపోతారని అమోరీయుల నమ్మకం.

ఒకసారి ఆమె మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ నాన్న హబ్దు. తాత యంసీ. ఆయన నాన్న సూము. ఆయన నాన్న ఆయలు..."

అప్పుడే హబ్దు లోపలికి వచ్చాడు. "అక్కడితో ఆపమ్మా. రేపు ఇది బడిలో ఇవే వల్లిస్తే అందరూ నవ్వుతారు."

"రేపు నేను పోతే నన్నెవరు పిలుస్తారు నాయనా?"

"ముందు చదువు కానివ్వు. ఇవి తర్వాత నేర్పొచ్చు."

ఆ చలికాలంలోనే తబూబు చనిపోయింది. హబ్దు నీళ్లు పోయడం మానేశాడు. కాపరికర్ర ఉన్ని మూటల వెనక పడింది.

రెండేళ్లకు బీళ్లలోని అమోరీయులు నగరం మీద పడి గెలిచారు. కోట ద్వారం దగ్గర వాళ్ల పెద్ద ఒక కాపరికర్ర పాతి కూర్చున్నాడు. ఏడు తరాల పేర్లు చెప్పగలిగినవాళ్లు తమవాళ్లు, స్వేచ్ఛగా వెళ్లొచ్చు. చెప్పలేనివాళ్లు బానిసలు. ఏడేళ్లు దాటినవాళ్లు ఎవరికి వాళ్లే చెప్పాలి.

మగవాళ్లను, పిల్లలను వేరు వేరు వరుసల్లో నిలబెట్టారు. హబ్దు ఏడు పేర్లూ చెప్పి బయటపడ్డాడు. కాసేపటికి బెల్తాని వంతు వచ్చింది.

"మా నాన్న హబ్దు. తాత యంసీ. ఆయన నాన్న సూము. ఆయన నాన్న ఆయలు." అక్కడ ఆగింది.

"తర్వాత?" అన్నాడు పెద్ద.

"అక్కడితో నాన్న ఆపమన్నాడు."

ఊరికే నిలబడితే కోప్పడతారనుకుందేమో, బడిలో నేర్పిన నగర రాజుల పేర్లు రాగం తీస్తూ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. కావలివాళ్లు నవ్వారు. పెద్ద నవ్వలేదు.

హబ్దు పరుగున వచ్చాడు. "అది నా బిడ్డే అయ్యా. మిగతా పేర్లు నేను చెబుతాను."

"పొద్దున్నుంచి ముప్పై మంది నాకు మేనల్లుళ్లయ్యారు. ఇక మనవరాళ్లు కూడానా?" అన్నాడు పెద్ద. హబ్దు ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీ మాట నమ్ముతున్నాను. కానీ ఈ కర్ర అమూరుది, నాది కాదు. నీ బిడ్డను వదిలితే, ఇందాక బానిసలుగా పంపేసిన పిల్లల తండ్రులకు నేనేం చెప్పను? ఇంతకీ ఎందుకు నేర్పలేదు?"

హబ్దు కూతురి వైపు కదలబోతే కావలివాళ్లు అడ్డుపడ్డారు.

బెల్తానినీ కలిపి తాడు కట్టిన పిల్లల వరుస కదిలింది. బెల్తాని వెనక్కి తిరిగింది. "నాన్నా, ఆయలు తర్వాత ఎవరు?"

హబ్దు గట్టిగా అరిచి చెప్పాడు. అప్పటికే వరుస గోడ మలుపు తిరిగింది.

వచ్చిన అమావాస్యకు అతను కర్ర దులిపి, నీళ్లు పోసి, తాతల పేర్లు పిలిచాడు. తల్లి పేరు పిలిచాడు. బెల్తానిని పోయినవాళ్లలో పిలవాలో వద్దో తెలియక, చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ప్రతి అమావాస్యకూ అలాగే కూర్చునేవాడు.

పుట్టుకకు సిగ్గుపడి పిల్లలకు నేర్పకుండా దాచినదాన్ని, అది వాళ్లకు అవసరమైన రోజున మనం అందించలేం. ఈ కథ మీరు ఇంకొకరికి చెప్పండి, తర్వాత చెబుదామని మాత్రం ఆగకండి.