మామ్మగారి సులువు ఫోను

ముమ్మిడివరంలో వీర్రాజు, సత్యానందం అని ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు. సినిమా పోస్టర్లు అంటించడం, గోడల మీద ప్రకటనలు రాయడం వాళ్ళ పని. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే మూటకట్టి ఉందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

వాళ్ళ మామ్మ మంగాయమ్మకి రాజోల్లో చిట్టెమ్మ అని చెల్లెలుంది. రోజూ సాయంత్రం ఆ చెల్లెలి గొంతు వినకపోతే మామ్మకి ముద్ద దిగదు. పాత మీటల ఫోను కాస్తా నీళ్ళ బకెట్లో పడింది. మనవలు టచ్ ఫోను కొనిచ్చారు. మామ్మ ఎక్కడ వేలు పెట్టినా ఇంకేదో తెరుచుకుంటోంది. పాపం, చెల్లెలి మాట లేక మామ్మ చిక్కిపోయింది.

అన్నదమ్ములు సెల్ షాపు గఫూర్ దగ్గరికి పరుగెత్తారు.

"పెద్దవాళ్ళకి అన్ని బొమ్మలెందుకండీ? ఫోను బొమ్మొకటి ఉంచి, మిగతావి కనపడకుండా చేసెయ్యండి" అన్నాడు గఫూర్.

అంతే! మైదా జిగురు ఉడికించారు. ఫోను మీద పోస్టరు ముక్క అంటించి, ఆకుపచ్చ ఫోను బొమ్మకి మాత్రం చిల్లు పెట్టారు. మామ్మ నొక్కింది. లోపల ఏం తెరుచుకుందో దేవుడికెరుక.

"పేరు పెద్దక్షరాల్లో పెట్టారా?" అనడిగాడు గఫూర్, మళ్ళీ పరుగెత్తుకొచ్చిన అన్నదమ్ముల్ని.

ఇంకేముంది! ఎదురింటి గోడకి సున్నం కొట్టి, ఈ చివర్నించి ఆ చివరికి 'చిట్టెమ్మ' అని రాశారు. ఎదురింటాయన కర్ర పుచ్చుకుని వచ్చాడు.

"అక్షరాలు బానే కనపడుతున్నాయిరా, దాని మాటే వినపడట్లేదు" అంది మామ్మ, కళ్ళొత్తుకుంటూ.

"అయితే సౌండు పెంచండి" అన్నాడు గఫూర్, వాళ్ళు మూడోసారి వచ్చి ఆ మాట చెబితే.

అంతే! మైకు కట్టిన ప్రకటనల ఆటో తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. ఇంతలో చిట్టెమ్మే ఫోను చేసింది. సత్యానందం చిల్లులో వేలు పెట్టి ఎలాగో ఎత్తి, మైకు ముందు పెట్టాడు.

"అక్కా, ఎవరితోనూ అనకే. మా కోడలి పులుసు గేదె కూడా తాగదే!" అని వీధంతా మారుమోగింది.

ఆ కోడలి పుట్టిల్లు ఆ వీధిలోనే ఉంది. ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే చిట్టెమ్మ బస్సు దిగి తిట్టుకుంటూ వచ్చింది. అక్కని చూడగానే తిట్లన్నీ మరిచిపోయి వాటేసుకుంది. మామ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

అన్నదమ్ములకి మాత్రం దిగులు పట్టుకుంది.

"చిన్నమామ్మా, నువ్విక్కడే కూర్చుంటే మామ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడుద్ది? ఇంత కష్టపడి సులువు చేశాం!" అంటూ ఆవిణ్ణి మళ్ళీ రాజోలు బస్సెక్కించారు. మామ్మ సంచీ తీసుకుని తనూ ఎక్కేసింది.

ఇద్దరూ ఇంటికొచ్చి ఫోను ముందు కూర్చున్నారు. సాయంత్రానికి మోగనే మోగింది.

"ఒరే వీర్రాజూ, నేన్రా, మామ్మని! చెల్లెలింటికి చేరాను, దాని ఫోన్లోంచే మాట్లాడుతున్నా" అంది మంగాయమ్మ.

వీర్రాజు ఎగిరి గంతేశాడు. "మామ్మా, మళ్ళీ చిన్నమామ్మ దగ్గర్నించి నీకు ఫోనొచ్చింది! నువ్వేమో ఇంట్లో లేవు. నువ్వొచ్చాక చెయ్యమని చెప్పి పెట్టేస్తున్నా!" అని పెట్టేశాడు.