బల్ల సర్దే ముందు

అనగనగా చదరంగం పిచ్చి పట్టిన ఒక అడవిలో ఒక ముళ్ళపంది, దాని ఇద్దరు పిల్లలు ఉండేవారు. వాళ్ళ బొరియ వాగు ఒడ్డునే. వానలొస్తే అది నీళ్ళపాలే. గట్టు మీద మంచి బొరియ ఉంది కానీ, అందులో నక్కబావ ఒక్కడే కాళ్ళు బారజాపుకుని ఉంటున్నాడు.

"చదరంగంలో నన్ను ఓడించు, ఖాళీ చేస్తాను. వారానికో ఆట, మొత్తం మూడు. ఒక్కటి గెలిచినా చాలు" అన్నాడు నక్కబావ.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఓడినవాళ్ళే పావులు సర్ది, బల్ల తుడవాలి.

మొదటి వారం నక్కబావ ఒక బంటును ఊరికే వదిలేశాడు. ముళ్ళపంది లొట్టలేసుకుంటూ దాన్ని చంపింది. మూడు ఎత్తుల్లో దానికే ఆటకట్టు! రెండో వారం ఏనుగును వదిలాడు. మళ్ళీ అదే ఆశ, మళ్ళీ అదే గతి. పాపం, ముళ్ళపందికి ఏడుపొక్కటే తక్కువ. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని పావుల్ని డబ్బాలోకి విసరబోయింది.

"ఆగవే పిల్లా!" అన్నాడు పక్కనే ఉన్న తాబేలు తాత. "గెలిచినవాడు ఇంటికి పోయాడు. ఆట మాత్రం నీ దగ్గరే ఉంది. ఒక్కో ఎత్తూ వెనక్కి నడిపి చూడు."

వెనక్కి నడిపింది. ఏనుగు దగ్గర చెయ్యి ఆగింది.

"తాతా, ఇది ఎర! దీనికోసం తన గుర్రాన్ని తన రాజు పక్కనుంచి తెచ్చేశాడు!"

వారమంతా ఆ ఒక్క ఆటనే ముందుకీ వెనక్కీ నడిపింది.

మూడో వారం ఆకాశమంతా మబ్బు పట్టింది. పిల్లలిద్దరూ తల్లిని కరుచుకుని కూర్చున్నారు. ఈసారి నక్కబావ ఏకంగా మంత్రినే వదిలాడు.

"తీసుకోవమ్మా, మొహమాటపడకు" అన్నాడు.

ముళ్ళపంది చెయ్యి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఈ ఎత్తు ఎందుకు వేశాడు? గుర్రం ఎక్కడుంది? రాజు దగ్గర ఎవరున్నారు? ఎవరూ లేరు! ఏనుగు అండతో తన మంత్రిని తీసుకెళ్ళి నక్కబావ రాజు ముందు నిలబెట్టింది.

"ఆటకట్టు, బావా!"

టపటపా చినుకులు మొదలయ్యాయి. పిల్లలు కేరింతలు కొడుతూ గట్టు మీది బొరియలోకి దూరారు. నక్కబావ తల దించుకుని, పావుల్ని గబగబా ఊడ్చెయ్యబోయాడు.

"సర్దకు బావా" అంది ముళ్ళపంది. "బల్ల అలాగే లోపలికి పట్టుకురా. బొరియ పెద్దదేగా! ఎక్కడ తప్పావో ఇద్దరం చూద్దాం."

నీతి: ఓడిన ఆటను తుడిచెయ్యకండి, వెనక్కి నడిపి చూడండి. రేపటి గెలుపు అందులోనే ఉంటుంది.